ఇంజెక్షన్ పడుతున్నా జ్వరం వస్తే? యాంటీబాడీ లోపం ఉన్న ఇళ్లలో అందరికీ తెలియాల్సిన విషయాలు

తాడేపల్లిగూడెం నుంచి రాత్రి పదకొండు గంటలకు ఫోన్. మా ఖాలా కూతురు. నాకంటే పెద్దది, నేను ఆపా అంటాను. "బాబుకి మళ్లీ జ్వరంరా. పది రోజుల క్రితమే కదా ఇంజెక్షన్ పెట్టించాం? ఇంత డబ్బు పోసి పెట్టించాక కూడా జ్వరం ఏంటి?" అంది. బాబుకి ఏడేళ్లు. వాడి ఒంట్లో యాంటీబాడీలు తయారు కావు. నెలకోసారి ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిస్తారు. వీధి చివర డాక్టరు దగ్గర విడాల్ పరీక్ష చేయించారట, నెగెటివ్ వచ్చిందట. "టైఫాయిడ్ కాదు, వైరల్ ఫీవర్, రెండు రోజుల్లో తగ్గిపోతుంది" అని ఏదో సూది వేసి పంపించారట.

తగ్గలేదు. మూడో రోజుకి పిల్లాడికి ఆయాసం. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తిలో న్యుమోనియా. ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. అల్‌హందులిల్లాహ్, బయటపడ్డాడు.

ఆ ఎనిమిది రోజుల్లో ఆపా అడిగిన ప్రశ్నల్లో చాలావాటికి నా దగ్గర జవాబు లేదు. నేను చదివింది బీకాం. అందుకే డాక్టర్లను అడిగి, చదివి, నాకు అర్థమైంది అర్థమైనట్టు రాస్తున్నాను. ఈ జబ్బు అరుదే. కానీ ఉన్న ఇంట్లో ఒక్క చిన్న పొరపాటుకి ప్రాణం మీదికి వస్తుంది. ఆ పొరపాటు ఏమిటంటే, ఇంజెక్షన్ పడింది కాబట్టి ఇక ఇది మామూలు జ్వరమే అనుకోవడం.

అసలు లోపం ఎక్కడ?

మన రక్తంలో బీ కణాలని ఉంటాయి. క్రిములు లోపలికి వచ్చినప్పుడు వాటిని పట్టుకునే ప్రొటీన్లను ఈ కణాలే తయారు చేయిస్తాయి. వాటినే యాంటీబాడీలు, ఇమ్యునోగ్లోబులిన్లు అంటాం. ఇందులో ముఖ్యంగా మూడు రకాలు చెప్పుకోవాలి. రక్తంలో ఎక్కువగా ఉండి ఎక్కువ రోజులు పనిచేసేది ఐజీజీ. కొత్త క్రిమి రాగానే ముందు బయల్దేరేది ఐజీఎం. ముక్కు, గొంతు, ఊపిరి గొట్టాలు, పేగుల లోపలి పొర మీద కాపలా ఉండేది ఐజీఏ.

కొందరు మగపిల్లల్లో బీటీకే అనే జన్యువులో లోపం వల్ల బీ కణాలే సరిగా ఎదగవు. దీన్ని ఎక్స్-లింక్డ్ అగామాగ్లోబులినీమియా అంటారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు అమ్మ ఐజీజీ బిడ్డకి వస్తుంది కాబట్టి మొదటి కొన్ని నెలలు అంతా బాగానే కనిపిస్తుంది. ఆరు నెలలు దాటాక ఆ నిల్వ అయిపోతుంది. అప్పటి నుంచి చెవిలో చీము, సైనస్, న్యుమోనియా, విరేచనాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఇంకో గుర్తు ఉంది. ఈ పిల్లల గొంతులో టాన్సిల్స్ దాదాపు కనిపించవు. ఇన్నిసార్లు గొంతు, చెవి నొప్పి వచ్చే పిల్లాడికి టాన్సిల్స్ లేకపోవడం డాక్టరు గమనిస్తే, సగం దారి దొరికినట్టే.

ఇది పిల్లల జబ్బు మాత్రమే అనుకోవద్దు. కామన్ వేరియబుల్ ఇమ్యునోడెఫిషియెన్సీ అనేది ఆడామగా ఇద్దరికీ, ఇరవై ముప్పై ఏళ్ల వయసులో కూడా బయటపడుతుంది. కొన్ని రక్త క్యాన్సర్లు వచ్చినవారికీ, రిటుక్సిమాబ్ లాంటి మందులు తీసుకున్నవారికీ కూడా యాంటీబాడీలు బాగా తగ్గిపోవచ్చు. ఏడాదిలో రెండు మూడు సార్లు న్యుమోనియా వచ్చినా, యాంటీబయాటిక్ ఆపగానే జబ్బు తిరగబెడుతున్నా ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం పరీక్ష రాయమని డాక్టర్ని అడగండి. మామూలు రక్తపరీక్షే. చాలా ల్యాబ్‌లు శాంపిల్ తీసుకుని పెద్ద ఊరికి పంపిస్తాయి.

1952లో ఒక పిల్లాడు

ఈ జబ్బుని మొదట గుర్తించింది అమెరికా సైన్యంలో పనిచేసిన పిల్లల డాక్టర్ ఆగ్డెన్ బ్రూటన్. వాల్టర్ రీడ్ ఆస్పత్రికి వచ్చిన ఎనిమిదేళ్ల పిల్లాడికి నాలుగేళ్లలో 19 సార్లు తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చింది. అప్పుడప్పుడే వాడుకలోకి వచ్చిన ఒక యంత్రంతో రక్తంలోని ప్రొటీన్లను విడదీసి చూస్తే, గామా గ్లోబులిన్ ఉండాల్సిన చోట ఖాళీ కనిపించింది. లేనిదాన్ని బయటి నుంచి ఇద్దామని, ఇతరుల రక్తం నుంచి తీసిన గామా గ్లోబులిన్‌ని ఆ పిల్లాడికి నెలనెలా చర్మం కిందకి ఇచ్చారు. ఇన్ఫెక్షన్లు ఆగాయి. 1952లో ఆయన ఈ సంగతి ప్రచురించారు. ఆ జన్యువును కనిపెట్టడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. 1993లో దొరికిన ఆ జన్యువు పేరులోని 'బీ' అక్షరం బ్రూటన్‌దే.

ఇప్పటి వైద్యం కూడా అదే సూత్రం. మన దగ్గర ఎక్కువమందికి సెలైన్ లాగా నరంలోకి ఎక్కిస్తారు. దాన్నే ఐవీఐజీ అంటారు. వారానికోసారి చర్మం కింద ఇచ్చే పద్ధతి కూడా ఉంది.

ఇది ఎవరి రక్తం? అందులో ఏముంటుంది?

ఆపా అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఒక్కో బ్యాచ్ మందు వేలాది మంది దాతల ప్లాస్మాని కలిపి తయారు చేస్తారు. ప్లాస్మా అంటే రక్తంలో కణాలు తీసేయగా మిగిలే పసుపు రంగు ద్రవం. వేలమంది జీవితంలో ఎదుర్కొన్న జబ్బులకు తయారైన యాంటీబాడీలన్నీ ఆ సీసాలోకి వస్తాయి. ఇది మనుషుల ప్లాస్మా నుంచి తీసేది. పంది నుంచో మరే జంతువు నుంచో తీసేది కాదు. పాడవకుండా గ్లైసిన్, మాల్టోజ్ లాంటివి కలుపుతారు.

"పరాయివాళ్ల రక్తం నుంచి రోగాలు రావా?" అనే భయం ఊరికే పుట్టింది కాదు. 1994 ప్రాంతంలో విదేశాల్లో ఒక కంపెనీ మందు ద్వారా కొందరికి హెపటైటిస్ సి సోకింది. ఆ తర్వాత వైరస్‌లను చంపే, వడపోసే దశలు తయారీలో ఒకటికి రెండు పెట్టారు. ఇప్పుడు ఆ ప్రమాదం చాలా చాలా తక్కువ. అయినా ఒక అలవాటు చేసుకోండి. సీసా మీద ఉన్న కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఫోన్‌లో ఫోటో తీసి దాచండి. రేపు ఏ తేడా వచ్చినా వెనక్కి వెళ్లి చూడటానికి అదే ఆధారం.

మందుని సాధారణంగా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టించకూడదు. విజయవాడలో కొని ఏలూరికో, కైకలూరుకో, ఆకివీడుకో తెచ్చుకునేవారు ఐస్ ప్యాక్ పెట్టెలో తేవాలి. సీసా ఐస్‌కి నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డో అట్టముక్కో పెట్టాలి. మే నెల ఎండలో బస్సు సీటు మీద పెట్టుకుని వస్తే సీసా వస్తుంది కానీ లోపల మందు పాడైపోవచ్చు.

లెక్క తెలిస్తే సగం జాగ్రత్త

ఇక్కడ నా కామర్స్ కొంచెం పనికొచ్చింది. ఐజీజీని బ్యాంకు ఖాతాలో బ్యాలెన్స్ అనుకోండి. మామూలు మనిషికి రోజూ జీతం పడుతున్నట్టే. ఎంత ఖర్చయినా శరీరం మళ్లీ నింపుకుంటుంది. మన పిల్లాడి ఖాతాలో డబ్బు పడేది నెలకోసారే, అదీ బయటివాళ్లు వేస్తేనే. రక్తంలో ఐజీజీ దాదాపు మూడు వారాల్లో సగానికి వస్తుంది. ఒక డోసు తప్పి ఆరు వారాలైతే మిగిలేది పావు వంతే. అందుకే "ఈ నెల డబ్బు సర్దుబాటు కాలేదు, వచ్చే నెల చూద్దాం", "పెళ్లి అయ్యాక వెళ్దాం", "పండగ అయ్యాక చూద్దాం" అనే మాటలు ఈ వైద్యంలో ప్రమాదకరం. పిల్లాడు పైకి హుషారుగానే ఉంటాడు. లోపల బ్యాలెన్స్ మాత్రం అడుగంటి ఉంటుంది.

రెండో లెక్క బరువుది. నరంలోకి ఇచ్చేటప్పుడు సాధారణంగా కిలో బరువుకి 400 నుంచి 600 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, మూడు నాలుగు వారాలకోసారి. 12 కిలోల పిల్లాడికి కిలోకి 400 చొప్పున 4.8 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసా ఒకటి. అదే పిల్లాడు 24 కిలోలకి పెరిగితే 9.6 గ్రాములు, అంటే రెండు సీసాలు. "ఎప్పుడూ ఒకటే కదా పెట్టిస్తున్నాం" అని అదే ఒక్క సీసా కొనసాగిస్తే పిల్లాడికి అందుతున్నది సగం డోసే. డోసు ఆపలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ప్రతిసారీ ముందు బరువు చూడమని మీరే అడగండి.

మూడో లెక్క రక్తపరీక్ష. తర్వాతి డోసు ఎక్కించే ముందు, బ్యాలెన్స్ అన్నిటికంటే తక్కువగా ఉన్నప్పుడు, ఐజీజీ ఎంత ఉందో చూస్తారు. 2010లో 17 అధ్యయనాల్లోని 676 మంది వివరాలు కలిపి చూసిన ఒక పరిశోధన ఉంది. ఆ కనిష్ఠ స్థాయి డెసిలీటరుకి 500 మిల్లీగ్రాములు ఉన్నవారికి న్యుమోనియా వచ్చే రేటు, 1000 ఉన్నవారి కంటే దాదాపు ఐదు రెట్లు ఎక్కువని తేలింది. ప్రతి 100 పెరిగినప్పుడల్లా న్యుమోనియా సుమారు 27 శాతం తగ్గింది. అలాగని అందరికీ ఒకటే అంకె కాదు. ఎవరికి ఎంత ఉంటే ఇన్ఫెక్షన్లు ఆగుతున్నాయో చూసి డాక్టరు డోసు సరిచేస్తారు. ఏడాదికి ఎన్నిసార్లు ఇన్ఫెక్షన్ వచ్చిందో మీరు రాసిపెట్టుకుంటేనే ఆ పని సాధ్యం.

డోసు సరిపోయినా ఇన్ఫెక్షన్ ఎందుకు వస్తుంది?

ఆపా అడిగిన అసలు ప్రశ్న ఇదే. కారణాలు నాలుగు.

ఒకటి, సీసాలో ఉన్నది దాదాపు మొత్తం ఐజీజీయే. ముక్కు, గొంతు, పేగుల్లో కాపలా ఉండాల్సిన ఐజీఏ అందులో రాదు. ఐజీఎం కూడా రాదు. అందుకే న్యుమోనియాలు బాగా తగ్గినా సైనస్, జలుబు, దగ్గు, విరేచనాలు పూర్తిగా పోవు.

రెండు, జబ్బు ఆలస్యంగా తెలిసినవారిలో అప్పటికే ఊపిరి గొట్టాలు దెబ్బతిని వదులైపోయి ఉంటాయి. దీన్ని బ్రాంకియెక్టాసిస్ అంటారు. ఆ వదులైన గొట్టాల్లో కఫం నిలిచిపోతుంది. నిలవ నీటిలో దోమలు పెరిగినట్టు అక్కడ క్రిములు పెరుగుతాయి. ఎంత ఐజీజీ ఎక్కించినా ఆ కఫాన్ని బయటికి తీసే ఫిజియోథెరపీ చేయకపోతే లాభం తక్కువ.

మూడు, దాతల ఒంట్లో ఏ క్రిమికి యాంటీబాడీలు ఉంటే వాటికే రక్షణ. కొత్త క్రిమి వస్తే దాతల్లో అవి తయారయ్యేదాకా సీసాలోకి రావు. కోవిడ్ మొదలైన రోజుల్లో జరిగింది ఇదే.

నాలుగు, కొందరికి పేగుల జబ్బు వల్ల ఎక్కించిన ఐజీజీ కూడా విరేచనాల్లో పోతుంది. లెక్క ప్రకారం డోసు ఇస్తున్నా రక్తంలో అంకె పెరగకపోతే ఇది చూడాలి.

భయపడాల్సిన ఐదు

ఈ మందులు ఎంత బాగా పనిచేస్తున్నాయో కొలవడానికి వైద్యులు ఐదు తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లను లెక్కపెడతారు. రోగికి ఏడాదికి సగటున ఒకటి కంటే తక్కువ రావాలన్నది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పెట్టిన గీటు. మనకి ఆ ఐదు తెలిస్తే ఇంట్లో గుర్తుపట్టడానికి పనికొస్తుంది.

న్యుమోనియా: జ్వరం, దగ్గు, ఆయాసం, పక్కటెముకలు లోపలికి లాక్కోవడం. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు నిమిషానికి 40 సార్లు, అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తుంటే ఆలస్యం చేయొద్దు.

రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్, అంటే సెప్సిస్: వణుకుతో జ్వరం, చేతులు కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గడం, పిల్లాడు మత్తుగా పడి ఉండటం.

మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్: తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం, ఫిట్స్.

ఎముక, కీళ్ల ఇన్ఫెక్షన్: ఒక కీలు వాచి వేడిగా ఉండటం, పిల్లాడు ఆ కాలు కింద పెట్టనని ఏడవడం. దీన్ని "ఆడుతూ పడ్డాడేమో" అని కట్టు కట్టించి ఊరుకోవడం మన దగ్గర మామూలే. జ్వరం కూడా ఉంటే అలా వదిలేయకండి.

లోపలి అవయవాల్లో చీముగడ్డ: తగ్గని జ్వరం, పొట్టలో ఒకచోట నొప్పి.

ఇవి కాక ఈ పిల్లలకు ఎంటెరోవైరస్‌లతో ప్రత్యేకమైన ముప్పు ఉంది. మామూలు పిల్లల్లో వచ్చి పోయే ఈ వైరస్‌లు వీళ్లలో మెదడులో తిష్ఠ వేసి నెలల తరబడి ఉండొచ్చు. నడక, మాట, చదువు, ప్రవర్తన మెల్లమెల్లగా వెనక్కి వెళ్తుంటే "బద్ధకం" అనుకోకుండా డాక్టరుకి చెప్పండి.

జ్వరం 100.4 దాటితే వీధి చివర సూదితో సరిపెట్టుకోవద్దు. ముఖ్యంగా ఏం మందో చెప్పకుండా వేసే సూదుల్లో స్టెరాయిడ్ ఉంటే, జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది.

విడాల్ నెగెటివ్ అంటే అర్థం ఏమిటి?

ఈ వ్యాసంలో ఒక్క పేరా గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి.

మన ఊళ్లలో జ్వరం రాగానే చేసే విడాల్ పరీక్ష టైఫాయిడ్ క్రిమిని వెతకదు. ఆ క్రిమికి మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను వెతుకుతుంది. డెంగీ ఐజీఎం, చికున్‌గున్యా ఐజీఎం పరీక్షలూ అంతే. యాంటీబాడీలే తయారుకాని పిల్లాడిలో వాటిని వెతికితే ఏం దొరుకుతుంది? జబ్బు ఉన్నా నెగెటివే వస్తుంది. ఆపా కొడుకు విషయంలో ఆ నెగెటివ్ కాగితం వల్ల మూడు రోజులు పోయాయి.

తిరగేసి కూడా జరుగుతుంది. దాతల యాంటీబాడీలు సీసా ద్వారా పిల్లాడి రక్తంలోకి వస్తాయి కాబట్టి హెపటైటిస్ బి కి సంబంధించిన కొన్ని యాంటీబాడీ పరీక్షలు కొన్నాళ్లు పాజిటివ్ చూపిస్తాయి. జబ్బు లేకుండానే ఇంట్లో గుండెలు గుభేలుమంటాయి.

అందుకే వీళ్లకి క్రిమినే నేరుగా వెతికే పరీక్షలు కావాలి. టైఫాయిడ్ అనుమానం ఉంటే బ్లడ్ కల్చర్. డెంగీ అయితే మొదటి రోజుల్లో ఎన్ఎస్1 లేదా పీసీఆర్. మలేరియాకి రక్తపు చుక్కలో పరాన్నజీవిని చూసే పరీక్ష. ఊపిరితిత్తులకి ఎక్స్‌రే, కఫం కల్చర్. కల్చర్ కోసం రక్తం యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే తీయడం మేలు. కానీ పిల్లాడి పరిస్థితి బాగాలేకపోతే పరీక్ష కోసం మందు ఆపకూడదు.

ఏలూరు వాళ్లకి ఈ పాఠం కొత్తది కాదు. 2020 డిసెంబరు 5 నుంచి వన్ టౌన్ ప్రాంతంలో జనం ఫిట్స్‌తో పడిపోవడం మొదలైంది. రోజుల్లోనే బాధితులు 500 దాటారు. మామూలుగా చేసే పరీక్షల్లో కారణం దొరకలేదు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో రక్తం పరీక్షిస్తే సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాల గురించీ మాట్లాడుకున్నాం. అది ఇన్ఫెక్షన్ కాదు, ఈ జబ్బుకీ దానికీ సంబంధం లేదు. కానీ ఒక సంగతి మన ఊరికి నేర్పింది. రిపోర్టు నెగెటివ్ అంటే రోగం లేదని కాదు, ఆ పరీక్షకి దొరకలేదని.

ఇంకో చిన్న మాట. మాల్టోజ్ కలిపిన ఐవీఐజీ ఎక్కించాక కొన్ని రకాల గ్లూకోమీటర్లు షుగర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఆ అంకె చూసి ఇన్సులిన్ పెంచుకుంటే ప్రమాదం. ముందే డాక్టర్ని అడగండి.

కొల్లేరు నీళ్లు, మన వంటిల్లు

కొల్లేరు లంక గ్రామాల వాళ్లకి నీళ్ల కష్టం నేను చెప్పక్కర్లేదు. చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం డబ్బా కొనుక్కోవాలి. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు చెరువులు, కాలువలు, మరుగుదొడ్ల నీళ్లు ఒకటైపోతాయి. పేగుల్లో ఐజీఏ లేని పిల్లాడికి జియార్డియా అనే పరాన్నజీవి, కాంపిలోబాక్టర్ అనే బ్యాక్టీరియా మామూలు పిల్లల కంటే ఎక్కువ రోజులు పట్టి పీడిస్తాయి. వారాల తరబడి విరేచనాలు, బరువు తగ్గడం కనిపిస్తే మల పరీక్ష చేయించాలి.

జియార్డియా గుడ్డు క్లోరిన్‌కి అంత తేలిగ్గా చావదు. బాగా మరగనిస్తే చస్తుంది. కాబట్టి డబ్బా నీళ్లయినా, పంచాయతీ కుళాయి నీళ్లయినా తెర్లుతూ కనీసం ఒక నిమిషం మరగాలి. చల్లార్చి మూత పెట్టిన పాత్రలోనే ఉంచాలి. పిల్లాడు బడికి తీసుకెళ్లే సీసాలోనూ అవే నీళ్లు. చెరువుల్లో, కాలువల్లో ఈతలు వద్దు. వంటింట్లో కోడిమాంసం కోసిన కత్తి, పీట కడగకుండా వాటి మీద ఉల్లిపాయ, కీరా కోయకండి. కాంపిలోబాక్టర్ ఎక్కువగా పచ్చి కోడిమాంసం నుంచే వస్తుంది. బిర్యానీలో ముక్క లోపలిదాకా ఉడికిందో లేదో చూడండి.

పోలియో చుక్కల సంగతి, జాగ్రత్తగా చదవండి

మొదటే చెప్తున్నా, పోలియో చుక్కలు మన పిల్లలందరికీ మంచివి, అవసరం. 2014లో మన దేశం పోలియో లేనిదిగా గుర్తింపు పొందింది ఆ చుక్కల వల్లే. ఈ పేరా చూపించి ఎవరూ చుక్కలు మానేయొద్దు.

మినహాయింపు ఈ జబ్బు ఉన్న పిల్లలకే. నోట్లో వేసే చుక్కల్లో బలహీనపరిచిన, కానీ బతికి ఉన్న వైరస్ ఉంటుంది. యాంటీబాడీలు లేని పిల్లాడి పేగుల్లో అది పోకుండా చాలాకాలం ఉండిపోయి, మారి, అరుదుగా పక్షవాతం తేవచ్చు. కాబట్టి వీళ్లకి చుక్కలు వేయించకూడదు. ఇంట్లో ఉన్న తమ్ముడికి, చెల్లికి కూడా చుక్కల బదులు ఇంజెక్షన్ రూపంలో ఉండే పోలియో టీకా వేయించాలంటారు. ఎందుకంటే చుక్కలు వేసుకున్న పిల్లల మలంలో ఆ వైరస్ కొన్నాళ్లు బయటికి వస్తుంది. పల్స్ పోలియో రోజు ఆశా కార్యకర్త గుమ్మంలోకి వస్తే గొడవ పడకుండా డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించండి. బతికి ఉన్న క్రిమితో చేసే మిగతా టీకాలు కూడా డాక్టర్ని అడిగాకే. ఇంట్లో మిగతావాళ్లు ఏటా ఫ్లూ టీకా ఇంజెక్షన్ వేయించుకుంటే మంచిది. వాళ్లు జబ్బు తేకపోతే పిల్లాడికి అదే రక్షణ.

రోజా, ప్రయాణం

ఐవీఐజీ ఎక్కించే రోజు ఒంట్లో నీళ్లు సరిపడా ఉండాలి. నీళ్లు తగ్గితే తలనొప్పి ఎక్కువవుతుంది, కిడ్నీలకి, రక్తం గడ్డకట్టే విషయంలో కూడా ఇబ్బంది. కాబట్టి ఆ రోజు ఉపవాసం వద్దనే వైద్యులు చెప్తారు. రోగికి రోజా విడిచిపెట్టి తర్వాత పూర్తి చేసుకునే సడలింపు ఖుర్ఆన్‌లోనే, అల్ బఖరా సూరాలో ఉంది. మీ ఆలిమ్ సాబ్‌ని అడగండి. కానీ "రంజాన్ అయ్యాక ఎక్కిద్దాం" అని డోసుని వాయిదా వేయకండి. పైన చెప్పిన మూడు వారాల లెక్కకి పండగ తెలీదు. ఉమ్రాకి, హజ్‌కి వెళ్లే పెద్దవాళ్లలో ఈ లోపం ఉంటే, ప్రయాణానికి ముందు డోసు పడేలా తేదీలు చూసుకోవాలి. టీకాలు వేయించుకున్నా వాటికి స్పందించే శక్తి తక్కువ కాబట్టి గుంపుల్లో మాస్కు తప్పనిసరి అనుకోవాలి.

కోడలి తప్పు కాదు

ఇది రాయకపోతే వ్యాసం సగమే. పిల్లాడి జబ్బు తల్లి వైపు నుంచి వచ్చిందని తెలిసిన రోజు నుంచి ఆపా ఇంట్లో మాటలు మారాయి. బీటీకే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లికి రెండు ఎక్స్‌లు కాబట్టి ఒకటి పాడైనా ఆమె ఆరోగ్యంగా ఉంటుంది. కొడుక్కి ఒక్కటే ఎక్స్. పాడైంది వస్తే జబ్బు వస్తుంది. ప్రతి కొడుక్కీ సగం అవకాశం, ప్రతి కూతురికీ లోపాన్ని మోసే సగం అవకాశం. చాలా ఇళ్లలో ఇంతకు ముందు ఎవరికీ లేకుండా కొత్తగా కూడా పుడుతుంది. ఇందులో ఎవరు ఏం తిన్నారు, ఎవరు ఏం చేశారు అన్నదే లేదు.

దగ్గరి సంబంధాల పెళ్లి వల్ల ఈ ఎక్స్-లింక్డ్ జబ్బు రాదు. కానీ తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపం వస్తేనే బయటపడే వేరే రకాలు ఉన్నాయి. అవి మేనరికాల్లో, చాచా మామూ పిల్లల పెళ్లిళ్లలో ఎక్కువ కనిపిస్తాయి. అందుకే ఏ రకమో జన్యు పరీక్షతో తేల్చుకోవాలి. తర్వాతి బిడ్డ గురించీ, ఆడపిల్లల పెళ్లిళ్ల గురించీ నిర్ణయాలు దాన్ని బట్టే ఉంటాయి.

ఖర్చు, దారి

ఒక్కో సీసా వేల రూపాయలు. ఇది జీవితాంతం ఉండే ఖర్చు, పిల్లాడితో పాటే పెరిగే ఖర్చు. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో ఈ జబ్బుకి ఇమ్యునోగ్లోబులిన్ వైద్యం పేరు పెట్టి చేర్చారు. 2022 నుంచి అర్హులైన ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం చేసే వీలుంది. డబ్బు ఇంటికి రాదు, గుర్తింపు పొందిన ఆస్పత్రికి వెళ్తుంది. అలాంటి కేంద్రాల్లో మనకి అందుబాటులో ఉన్నది హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి నడిపేది. జన్యు పరీక్షలకి కూడా సీడీఎఫ్‌డీ పేరున్న సంస్థ. గూడెంలోనో ఏలూరులోనో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నకి హైదరాబాద్. పాత డిశ్చార్జి సమ్మరీలు, ఇమ్యునోగ్లోబులిన్ రిపోర్టులు, ఆధార్ అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. ఒక్కసారిలో అవుతుందని అనుకోవద్దు, కానీ పేరు నమోదు చేయించడమే మొదటి మెట్టు.

అర్ధరాత్రి జ్వరానికి మాత్రం హైదరాబాద్ పనికిరాదు. దగ్గర్లో పిల్లల డాక్టరు ఉన్న, కల్చర్, ఎక్స్‌రే, ఆక్సిజన్ ఉన్న ఆస్పత్రి ఏదో జ్వరం రాకముందే చూసి పెట్టుకోండి. పిల్లాడు బాగున్న రోజునే ఒకసారి తీసుకెళ్లి డాక్టరుకి పరిచయం చేయండి.

ఆపా పర్సులో ఇప్పుడు ఒక కార్డు ఉంటుంది. నేనే టైపు చేసి ల్యామినేషన్ చేయించి ఇచ్చాను. జబ్బు పేరు, బరువు, చివరి డోసు తేదీ, ఎన్ని గ్రాములు, చివరి ఐజీజీ అంకె, పడని మందులు, చూసే డాక్టరు ఫోన్ నంబరు. కింద పెద్ద అక్షరాల్లో రెండు లైన్లు: "ఈ పిల్లాడికి యాంటీబాడీలు తయారు కావు. విడాల్, ఐజీఎం పరీక్షలు నమ్మొద్దు, కల్చర్ తీయండి."

పోయిన నెల మళ్లీ జ్వరం వచ్చింది. ఆపా నాకు ఫోన్ చేయలేదు. నేరుగా ఆస్పత్రికి వెళ్లి కార్డు చూపించింది. రక్తం కల్చర్‌కి తీసి, ఎక్స్‌రే చూసి, ఆ రాత్రే మందు మొదలుపెట్టారట. మూడో రోజుకి ఇంట్లో ఉన్నారు. నాకు మర్నాడు సాయంత్రం చెప్పింది, మామూలు విషయం చెప్పినట్టు.